నెలవారీ చందాతో శబ్దాలు తీసుకోబోతున్న అబ్బాయికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

పాటల్లో వాడుకునేందుకు ముందే సిద్ధం చేసి ఉంచిన శబ్దాల భండారానికి, అంటే శాంపిల్ లైబ్రరీకి, నెలవారీ చందా కట్టాలనుకుంటున్నానని, స్ప్లైస్, లూప్‌క్లౌడ్, కంపోజర్‌క్లౌడ్‌లలో ఏది మంచిదో చెప్పమని నువ్వు రాసిన ఉత్తరం చేరింది. మూడింటినీ ఒకే గాటన కట్టావు గనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. స్ప్లైస్‌లో నెలకు ఇన్నని క్రెడిట్లు ఇస్తారు. వాటితో నీకు కావలసిన శబ్దాలను ఒక్కొక్కటిగా దించుకుంటావు. చందా మానేశాక కూడా ఆ ఫైళ్లు, వాటిని పాటల్లో వాడుకునే హక్కు నీ దగ్గరే ఉంటాయి, వాడకుండా మిగిలిన క్రెడిట్లు మాత్రం పోతాయి. లూప్‌క్లౌడ్‌లో పాయింట్ల పద్ధతి కూడా ఇంచుమించు ఇలాంటిదే. ఈస్ట్‌వెస్ట్ సంస్థ నడిపే కంపోజర్‌క్లౌడ్ వేరు. అక్కడ నీకు అందేది ఆర్కెస్ట్రా వాద్యాలను పలికించే ప్లగిన్ (సంగీతం చేసే సాఫ్ట్‌వేర్‌లో కలుపుకునే ప్రోగ్రామ్), అది చందా నడిచినంత కాలమే పలుకుతుంది.

ఈ తేడా నేను నష్టపోయి తెలుసుకున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక భక్తిగీతాల ఆల్బమ్‌కు వయొలిన్ల భాగమంతా ఇలాంటి చందా ప్లగిన్‌తోనే ప్రోగ్రామ్ చేసి, పని ముగిసిందని చందా ఆపేశాను. నాలుగు నెలల తరువాత గాయని ఒక పాటను అర శ్రుతి తగ్గించమని అడిగారు. ప్రాజెక్టు తెరిస్తే వయొలిన్ ట్రాకులన్నీ మూగపోయి ఉన్నాయి. వాటిని బౌన్స్ చేసి, అంటే మామూలు ఆడియో ఫైళ్లుగా మార్చి, దాచి ఉంటే అర శ్రుతి దించడం పది నిమిషాల పని. దాచలేదు గనుక మళ్లీ చందా కట్టి, గిగాబైట్ల కొద్దీ ఫైళ్లు తిరిగి దించుకుని, రాత్రంతా కూర్చోవలసి వచ్చింది. అందుచేత చందా ప్లగిన్‌తో చేసిన ప్రతి ట్రాకునూ, పాట పూర్తయిన రోజునే ఆడియోగా మార్చి మరొక డిస్కులో భద్రపరచు.

నువ్వు చేసేది తెలుగు పాటలు గనుక ఇంకొక సంగతి శ్రద్ధగా విను. ఈ లైబ్రరీల్లో ఫైలు పేరు మీద వేగమూ స్కేలూ రాసి ఉంటాయి, రాగం రాసి ఉండదు. సి మైనర్ అని ఉన్న లూప్‌ను, అంటే మళ్లీ మళ్లీ తిప్పి మోగించే చిన్న సంగీతపు ముక్కను, సి శ్రుతిలోని హిందోళం పాట కింద పెడితే స్కేలు కలిసినట్టే అనిపిస్తుంది. కానీ హిందోళంలో రిషభ పంచమాలు లేవు, మైనర్ కార్డులోనేమో (కార్డు అంటే కలిపి ఒకేసారి మోగించే స్వరాలు) పంచమం తప్పనిసరిగా ఉంటుంది. మోహనానికీ ఇదే ప్రమాదం. మేజర్ లూప్‌లో అందంగా వినిపించే మేజర్ సెవెంత్ కార్డు, మోహనంలో వర్జ్యమైన నిషాదాన్ని తెచ్చి పాట మధ్యలో పెడుతుంది. తెలిసి కలిపితే అది నీ ఇష్టం, తెలియక కలిస్తే పాడేవారి గమకం నిలవదు. కాబట్టి లూప్‌ను దించుకునే ముందు హార్మోనియం మీదనో కీబోర్డు మీదనో దానిలోని స్వరాలను ఒక్కొక్కటిగా పలికించి చూడు.

తాళం విషయమూ అంతే. ఈ సేవల్లో దొరికే లూపులలో అత్యధిక భాగం నాలుగు దెబ్బల లెక్కలోవే. మిశ్రచాపులో ఏడు, ఖండచాపులో ఐదు అక్షరాలు నడిచే పాటకు వాటిని ముక్కలు చేసి అతికిస్తే అతుకులు వినిపిస్తాయి. అందుకే నేను క్రెడిట్లను లూపుల మీద కన్నా వన్‌షాట్ల (ఒక్కసారి మోగి ఆగే శబ్దాల) మీదే ఎక్కువ ఖర్చు చేస్తాను. ఒంటరి కిక్ (బాస్ డ్రమ్) దెబ్బను ఏ తాళంలోనైనా పేర్చుకోవచ్చు. ఇక డప్పు, తీన్‌మార్ కావాలంటే చందా లైబ్రరీలో వెతుకుతూ కాలం గడపవద్దు. మంట మీద కాచి బిగించిన డప్పు మీద వాయించే రెండు పుల్లలైన సిర్రకూ చిటికెన పుల్లకూ ఉన్న తేడా ఎలా పలుకుతుందో మన ఊళ్లో వాయించేవారికి తెలుసు. వారికి తగిన పారితోషికం ఇచ్చి రికార్డు చేసుకో.

ఈ సేవలు చెప్పే రాయల్టీ లేదు అన్న మాటను కూడా సరిగ్గా అర్థం చేసుకోవాలి. శబ్దం చేసినవారికి పాట పాటకూ వాటా ఇవ్వనక్కరలేదనే దాని అర్థం, ఆ శబ్దం నీ సొంతమైందని కాదు. అదే లూప్‌ను మరెవరైనా తీసుకోవచ్చు. 2024లో వచ్చిన అమెరికన్ గాయని సబ్రినా కార్పెంటర్ పాట ‘ఎస్ప్రెస్సో’లో, ఆలివర్ అనే బృందం స్ప్లైస్‌కు చేసి ఇచ్చిన శాంపిళ్లు ఉన్నాయి. లూపులు వాడటం తప్పేమీ కాదు. అయితే ఇతరుల వీడియోల్లో మన పాటను గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో నమోదు చేసే పాట మీద ప్రత్యేక హక్కు నీకే ఉండాలన్నది వారి నియమం గనుక, అందరికీ దొరికే లూప్ ఒంటరిగా మోగే పాటను అందులో నమోదు చేయకు. సినిమా పని అయితే ఏ లూప్ ఎక్కడ వాడావో సంగీత దర్శకుడికి ముందే చెప్పు. దించుకున్న తేదీ, ఫైలు పేరు, అప్పటి లైసెన్సు ప్రతి, ఈ మూడూ పాట ఫోల్డరులోనే ఉంచు.

డబ్బు సంగతి. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం, కార్డు నుంచి నెలనెలా తీసుకునే సొమ్ముకు కనీసం 24 గంటల ముందు నీకు కబురు రావాలి. ఆ కబురు రాగానే గత నెలలో ఎన్ని క్రెడిట్లు వాడావో లెక్క చూసుకో. ధర డాలర్లలో ఉంటే బ్యాంకు వేసే మారకపు రుసుమునూ కలుపుకో.

నువ్వు మొదలుపెట్టిన పాట హిందోళమేనని నీ తమ్ముడు చెప్పాడు. దానికి ఎంచుకున్న లూపులు మూడో నాలుగో పంపు. ఆదివారం ఖాళీగానే ఉంటాను, కూర్చుని విందాం.

మీ పెదనాన్న