వీల్‌చెయిర్ కంటే ముందు టేపు కొనండి

చి.సౌ. లలితకు, మామయ్య ఆశీస్సులు.

మీ మామగారిని ఈ వారంలో డిశ్చార్జ్ చేస్తున్నారని అక్క చెప్పింది. వీల్‌చెయిర్, మోటారు మంచం ఒకేసారి కొనేయాలని అల్లుడు టెన్షన్ పడుతున్నాడట. కాస్త ఆగమను. ముందు టేపు పట్టుకుని గుమ్మాలన్నీ కొలవండి. పెద్దవాళ్ల వీల్‌చెయిర్ రెండడుగుల పైనే ఉంటుంది. మన బాత్రూమ్ గుమ్మాలు చాలావరకు రెండున్నర అడుగులే, అందులో తలుపు మందం కూడా పోతుంది. అక్కడ ఇరుక్కుంటే ఆ కుర్చీ ఇక బట్టలు ఆరేసుకోవడానికే.

డబ్బు మొదట పెట్టాల్సింది బాత్రూమ్‌లో. తలుపు లోపలికి తెరుచుకునేదైతే బయటికి తిప్పి బిగించండి. ఆయన తలుపుకు అడ్డంగా పడిపోతే మీరెంత తోసినా రాదు. కమోడ్ పక్కన పట్టుకోవడానికి అంగుళంన్నర స్టీలు పైపు పెట్టాలి. టవల్ రాడ్‌తో సరిపెడితే మనిషి బరువుకు గోడలోంచి ఊడొస్తుంది. వెల్డింగ్ షాపులో చెప్పి చేయించి యాంకర్ బోల్టులతో బిగించండి. ఆయనకు ఎడమవైపు చచ్చుబడింది కాబట్టి పైపు కుడిచేతి వైపు ఉండాలి. ఎంత ఎత్తున అంటావా, ఆయన్నే కూర్చోబెట్టి, చెయ్యి ఎక్కడికి పోతుందో చూసి గోడ మీద పెన్సిల్‌తో గీయి. మీ అత్తయ్యను చూసుకుంటూ నేను నేర్చుకున్నదిదే. వాడే మనిషిని అడగకుండా ఏదీ బిగించొద్దు.

గడప కోస్తామంటే మీ అత్తగారు ఒప్పుకోరు. కొయ్యక్కర్లేదు కూడా. వడ్రంగి చేత రెండువైపులా చెక్క వాలు చేయించండి. శుక్రవారం తీసి పసుపు రాసుకుని, మళ్లీ పెట్టేయొచ్చు.

వీధి మెట్ల దగ్గర మాత్రం మేస్త్రీ మాట వినకు. ఐదడుగుల్లో దించేస్తానంటాడు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు కావాలి. మీ రెండు మెట్లు కలిపి 14 అంగుళాలుంటే ర్యాంపు 14 అడుగులు రావాలి. చోటు చాలకపోతే గోడవారగా తిప్పి, మలుపులో ఐదడుగులు చదునుగా వదలండి. టైల్స్ వద్దు. తడి సిమెంటు మీద చీపురుతో అడ్డగీతలు గీయిస్తే చాలు.

మిగతావి ఇంట్లో అయిపోతాయి. చెంచా పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చెయ్యి. కంచం జరగకుండా కింద తడిగుడ్డ వెయ్యి. చొక్కాకు గుండీల బదులు వెల్‌క్రో కుట్టించు. మంచం కాళ్ల కింద దిమ్మెలు పెట్టి కుర్చీ సీటుతో సమానం చేస్తే దిగడం తేలిక. కర్ర కుడిచేతికే ఇవ్వాలి, బాగున్న చేతికి. దాని అడుగు రబ్బరు అరిగితే వెంటనే మార్చండి.

గ్రామ, వార్డు సచివాలయంలో అడిగి సదరం (వైకల్యం ఎంతో డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష) స్లాటు బుక్ చేయించండి. 40 శాతం, ఆపైన వైకల్యమని సర్టిఫికెట్ వస్తే, ఆదాయ పరిమితికి లోబడి కేంద్రం వారి ఎడిప్ పథకంలో వీల్‌చెయిర్, కర్రలు ఇస్తారు. చాలావరకు కాన్పూర్‌లోని అలింకో సంస్థ తయారుచేసినవే. వాళ్ల క్యాంపు మీ జిల్లాలో ఎప్పుడో కలెక్టరేట్‌లో వికలాంగుల సంక్షేమ శాఖ వాళ్లను అడగండి. అది వచ్చేదాకా ఆస్పత్రి పక్క షాపుల్లో నెలకింతని అద్దెకు దొరుకుతుంది. తెచ్చేముందు రెండు బ్రేకులూ వేసి, అల్లుణ్ణి కూర్చోబెట్టి తోసి చూడు. కదిలితే ఇంకోటి అడుగు.

మీ మామయ్య