పాతకాలపు చాట్‌కి సర్వర్ రాస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఐఆర్‌సీ అని ఏదో పాత చాట్ ఉందట, దానికి సర్వర్ తనే రాస్తానని రాత్రుళ్లు కూర్చుంటున్నాడు. వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకండీ? మాన్పించమంటారా?
– ఒక తల్లి

జవాబు: మాన్పించకండమ్మా. నిద్ర విషయంలో మాత్రం గట్టిగానే చెప్పండి. పని సంగతికొస్తే, ఆ చదువులో ఉన్న పిల్లాడు చేయదగ్గ మంచి పనుల్లో ఇదొకటి.

ఐఆర్‌సీ (ఇంటర్నెట్ రిలే చాట్) పాతదన్నది నిజమే. 1988లో ఫిన్లాండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయంలో యార్కో ఒయికారినెన్ దాన్ని తయారు చేశారు. 1993లో దాని నియమాలన్నీ ఆర్‌ఎఫ్‌సీ 1459 అనే పత్రంగా వచ్చాయి. ఇవాళ్టికీ లిబెరా చాట్ లాంటి నెట్‌వర్క్‌లలో ఓపెన్ సోర్స్ (కోడ్‌ని అందరికీ తెరిచి ఉంచే) డెవలపర్లు దీంట్లో మాట్లాడుకుంటున్నారు. మీరన్న వాట్సాప్ కూడా ఈజాబర్డ్ అనే ఓపెన్ సోర్స్ చాట్ సర్వర్‌తో మొదలై, దాన్ని తనకు తగ్గట్టు మార్చుకుంటూ ఎదిగిందే. ఒక్కో మెషీన్ మీద 20 లక్షలకు పైగా కనెక్షన్లు నిలబెట్టామని 2012లో ఆ కంపెనీ ప్రకటించింది. అంత పని చేయగలవాళ్లు ఎక్కడో ఒకచోట చిన్న సర్వర్‌తో చేయి తిప్పుకున్నవాళ్లే అయి ఉంటారు.

మీవాడు అసలు ఏం నేర్చుకుంటున్నాడంటే... ఐఆర్‌సీలో ఒక సందేశం 512 బైట్లు దాటకూడదు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ నెట్ మీద సగం లైను ఇప్పుడొచ్చి, మిగతా సగం తర్వాతి లైనుతో కలిసి రావచ్చు. వాటిని విడదీసి పేర్చుకోవడం అతని బాధ్యతే. ఛానల్‌లో, అంటే ఒక చాట్ గదిలో, 200 మంది ఉండగా ఒకరి నెట్ నెమ్మదించిందనుకోండి, వాళ్లకు వెళ్లాల్సినవన్నీ సర్వర్ మెమరీలో పేరుకుపోతాయి. ఎంతవరకు ఓపిక పట్టాలి, ఎప్పుడు తప్పించాలి? ఒకే నెట్‌వర్క్‌గా కలిసి నడిచే రెండు సర్వర్ల మధ్య లింకు తెగితే, అటు సగం మంది ఒక్కసారిగా వెళ్లిపోయినట్టు కనిపిస్తారు. దీన్నే నెట్‌స్ప్లిట్ అంటారు. లింకు మళ్లీ కలిసేసరికి ఒకే నిక్‌నేమ్ ఇద్దరి దగ్గర ఉంటే? పాత నియమం ప్రకారం ఇద్దరినీ బయటికి పంపేయాలి. తర్వాత వచ్చిన సర్వర్లు ఎవరు ముందు తీసుకున్నారో సమయం చూసి తేల్చడం మొదలుపెట్టాయి. బ్యాంకింగ్, టికెట్ బుకింగ్, గేమింగ్ సర్వర్లు రాసేవాళ్లకు నిత్యం ఎదురయ్యే చిక్కులు కూడా ఈ జాతివే.

అయితే 'ఐఆర్‌సీ డెవలపర్ కావలెను' అనే ప్రకటన కోసం చూస్తే నిరాశే. బ్యాకెండ్ (సర్వర్ వైపు పని), నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో ఈ ప్రాజెక్ట్ గురించి లోతుగా మాట్లాడగలగడమే అతనికి బలం. అందుకు సర్వర్ తను రాసిన క్లయింట్‌తో (వాడేవాళ్ల వైపు చాట్ యాప్‌తో) పనిచేస్తే చాలదు, హెక్స్‌చాట్ లాంటి రెడీమేడ్ క్లయింట్‌తో కూడా పనిచేయాలి. ఆ తర్వాత సీ ప్లస్ ప్లస్ వస్తే ఇన్‌స్పైఆర్‌సీడీ, గో భాష ఇష్టమైతే ఎర్గో అనే ఓపెన్ సోర్స్ ఐఆర్‌సీ సర్వర్ల కోడ్ చదవమనండి. దొరికిన చిన్న బగ్ సరిచేసి పంపితే ఇంకా మేలు. ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్టులను మాత్రం నిర్లక్ష్యం చేయనివ్వకండి, ఈ పనికి పునాది అక్కడే ఉంది.

ఈసారి 'ఎందుకురా ఇదంతా' అనే బదులు రెండు సర్వర్లు నడిపి, మధ్యలో లింకు తెంపి చూపించమని అడగండి. ఏం జరిగిందో మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఇంటర్వ్యూలోనూ చెప్పగలడు.