పిట్స్‌బర్గ్‌లోని అలెఘెనీ కౌంటీ న్యాయస్థానాన్ని ఎటువైపు నుంచి చూడాలి?

పెన్ హిల్స్ వేంకటేశ్వరాలయానికి వస్తున్నామని, పనిలో పనిగా పిట్స్‌బర్గ్ నడిబొడ్డున ఉన్న పాత కౌంటీ న్యాయస్థానం కూడా చూడదగినదేనా అని మీరు అడిగారు. జ్యూరీ పిలుపు అందుకుని ఒక రోజంతా అందులో కూర్చున్నవాణ్ణి, తరువాత మా తల్లిదండ్రులకు దగ్గరుండి చూపించినవాణ్ణి కనుక నాకు తెలిసినది చెబుతాను.

తప్పక చూడవలసినదే. కాని గ్రాంట్ స్ట్రీట్‌లో నిలబడి చూసి వెనుదిరిగితే నిరాశే మిగులుతుంది. అంతటి భవనానికి ఆ వైపున్న వాకిళ్లు మరీ పొట్టివి. మా నాన్నగారు వాటిని చూడగానే "సింహద్వారం ఎటువైపురా?" అని అడిగారు. నిజానికి అది ఆయన తలకు పైనే, ఒక అంతస్తు ఎత్తున ఉంది. అప్పట్లో అక్కడ ఉన్న గుట్టను 1910ల తొలినాళ్లలో తవ్వి వీధి మట్టాన్ని దించేయడంతో భవనం పునాది అంతస్తు బయటపడింది. పాత ద్వారానికి చేరడానికి మెట్లు కట్టారు గాని, 1920లలో వీధిని వెడల్పు చేసినప్పుడు వాటినీ తీసేశారు. అప్పటి నుంచి జనం నేలమాళిగ వాకిళ్లలోంచే లోపలికి వెళుతున్నారు.

అంతకుముందు ఇక్కడే ఉన్న న్యాయస్థానం 1882లో కాలిపోయింది. కొత్తదానికి జరిగిన పోటీలో వాస్తుశిల్పి హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్ నమూనా గెలిచింది. 1884లో మొదలైన పని 1888లో పూర్తయింది. అయితే 1886లోనే కన్నుమూసిన రిచర్డ్‌సన్ దానిని చూడలేకపోయాడు. మసాచుసెట్స్‌లోని మిల్ఫర్డ్ నుంచి తెప్పించిన గులాబి ఛాయ గ్రానైట్‌ను నునుపు చేయకుండా, గరుకు ముఖంతోనే పేర్చారు. చెక్కడాలు తక్కువ, అందమంతా రాతి బరువులోను, కమానుల వరుసలోను ఉంది.

దీని పొందిక మన మండువా లోగిలిని గుర్తు చేస్తుంది: చుట్టూ గదులు, నడుమ ఆకాశం కనబడే ముంగిలి. రిచర్డ్‌సన్ ఊహించిన భవనాన్ని చూడాలంటే ఆ ముంగిలిలోనే నిలబడాలి. జ్యూరీ విరామంలో అక్కడ కూర్చున్నప్పుడే దాని గోపురం అలంకారానికి మాత్రమే కట్టినది కాదని నాకు తెలిసింది. ఉక్కు కర్మాగారాల పొగ ఊరిని కమ్మేసిన ఆ రోజుల్లో, పొగ కన్నా ఎత్తు నుంచి మంచి గాలిని కిందికి తెచ్చేందుకు ముందరి గోపురాన్ని, లోపలి గాలిని బయటికి పంపేందుకు వెనుక ఉన్న చిన్న గోపురాలను వాడుకున్నారు. నన్ను ఏ కేసుకూ ఎంపిక చేయలేదు గాని, ఆ రోజు వృథా పోయిందని మాత్రం అనను.

లోపల కమానుల మీద నిలిచిన పెద్ద మెట్లదారిని నిదానంగా ఎక్కండి. తరువాత వెనుక వైపుకు వెళితే, రాస్ స్ట్రీట్ మీదుగా న్యాయస్థానాన్ని పాత జైలుతో కలిపే రాతి వంతెన కనబడుతుంది. వెనిస్‌లోని నిట్టూర్పుల వంతెన పేరే దీనికీ వచ్చింది. ఖైదీలను విచారణకు దాని మీదుగానే నడిపించేవారు. జైలు 1995లో మూతబడింది, ఇప్పుడు అందులో కుటుంబ న్యాయస్థానం నడుస్తోంది. ఆ జైలు ప్రహరీ గోడను మాత్రం దగ్గరగా చూడండి. నా మటుకు ఈ ఊళ్లో అంతకు మించిన రాతిపని లేదు.

ఇది ఇప్పటికీ పనిచేస్తున్న న్యాయస్థానం కనుక వాకిట్లో తనిఖీ ఉంటుంది. ఆలయానికి శనివారం వెళ్లినా, దీనికి మాత్రం శుక్రవారం పెట్టుకోండి.