చలికాలంలో కొండమీదికి స్నేహితులొస్తుంటే

చి. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. 'ఏమనగా' అని కూడా రాసేదాన్నే, నువ్వు నవ్వుతావని ఆపాను.

నిన్న రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ మూడుసార్లు చదివాను. మొదటిసారి లెక్క మాత్రం అర్థమైంది. సంక్రాంతికి ముందు వారం నీ కాలేజీ స్నేహితురాళ్ళు ముగ్గురు, వాళ్ళ భర్తలు, నలుగురు పిల్లలు, ఒకరి అత్తగారు, వెరసి పదకొండు మంది పాడేరు వస్తున్నారు. రెండు రాత్రులు. నీ ఇల్లు రెండు గదులు. రెండోసారి చదివితే, బొంగు చికెన్ ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకీ గుడ్‌నైట్‌కీ మధ్య ఇరికించిన ముక్క కనిపించింది. అల్లుడి ఉద్యోగం పోయి నెలయిందనీ, ఎవరికీ చెప్పలేదనీ, మీ అమ్మకు కూడా తెలియదనీ. మూడోసారి ఆ ముక్క కోసమే చదివాను. ఫోన్ చేద్దామనుకుని, పక్కన మీ అత్తగారుంటారు కదా అని ఆగి, కాగితం తీశాను.

ముందు చలి సంగతి చెప్తాను, అది తేలిక.

నువ్వు విశాఖ పిల్లవి. అక్కడ చలికాలమంటే ఫ్యాను ఒక నంబరు తగ్గించడం. పాడేరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పది డిగ్రీల కిందకి దిగిపోవడం అక్కడ మామూలే. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, బయట నిలబడినవాడు కొర్రులా బిగుసుకుపోతాడని. నేను పదకొండేళ్ళు అక్కడ బడిలో పాఠాలు చెప్పాను, 1986 నుంచి 1997 దాకా. మొదటి చలికాలంలో కొబ్బరినూనె సీసాని పొయ్యి పక్కన పెట్టుకుని, అది కరిగేదాకా జడ వేసుకోకుండా బడికి ఆలస్యమైన రోజులున్నాయి.

నీ స్నేహితులు వేసిన ప్లాను చూశాను. మొదటిరోజు తెల్లవారుజామున మూడింటికి విశాఖలో బయల్దేరి నేరుగా వంజంగి, అక్కణ్ణుంచి కొత్తపల్లి జలపాతం, సాయంత్రం లంబసింగి, రాత్రి చలిమంట, మర్నాడు అరకు. ఇది ఫోన్లో వీడియోలు చూసి వేసిన ప్లానమ్మా. ఇందులో సగం కొట్టెయ్. పుష్యమాసంలో పూసలు గుచ్చడానిక్కూడా పొద్దు చాలదు అనేది మా అమ్మమ్మ. మన వైపు ఆ రోజుల్లో సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు వెళ్ళిపోతాడు, పొద్దున్న పొగమంచు విడేసరికి ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. నీ చేతిలో ఉన్న పగలు అంతే. ఏ పనైనా ఆ మధ్యలో పట్టాలి.

అందుకని వాళ్ళని మూడింటికి బయల్దేరొద్దని గట్టిగా చెప్పు. చీకట్లో, మంచులో, అలవాటు లేని డ్రైవింగుతో ఘాట్ రోడ్డు ఎక్కడం వద్దు. ఏడింటికి బయల్దేరితే చోడవరం, మాడుగుల మీదుగా పదకొండు లోపల వచ్చేస్తారు. పిల్లలకి కడుపు నిండా పెట్టి బండెక్కించొద్దు, మలుపుల్లో కక్కుకుంటారు. తిరిగి వెళ్ళేటప్పుడు మధ్యాహ్నం రెండు దాటకుండా పంపించెయ్. దారిలో మాడుగులలో హల్వా కొనుక్కోడానికి ఎలాగూ ఆగుతారు, వెలుగుండగానే ఘాటు దిగిపోతారు.

వంజంగి నీకు పక్కనే. కొండ కింద పాలసముద్రంలా మేఘం పరుచుకునే మాట నిజమే, కానీ అది రోజూ ఉండదు. ఆదివారమైతే తిరునాళ్ళే, మేఘం కన్నా జనమే ఎక్కువ కనిపిస్తారు. వెళ్ళాలనుకున్నవాళ్ళు రెండోరోజు నాలుగింటికి లేచి వెళ్తారు, చిన్న పిల్లలూ ఆ పెద్దావిడా పడుకుంటారు. అందరూ అన్నీ చూడాలని పట్టుపట్టొద్దు. అరకు మానెయ్యమను, అది ఇంకో ప్రయాణం. ఆ ఖాళీ అయిన మధ్యాహ్నం కాఫీ తోటల్లోకి నడిపించు. ఆ రోజులకి పండ్లు ఎర్రబడి కోతలు సాగుతుంటాయి, సిల్వర్ ఓక్ చెట్ల మీద మిరియాల తీగలుంటాయి. పిల్లలకి చూపించడానికి అంతకంటే ఏం కావాలి?

పడకల దగ్గర మా తరం చేసిన తప్పు నువ్వు చెయ్యొద్దు. మీద ఎన్ని కప్పామా అని చూసేవాళ్ళం, కింద ఏముందో చూసేవాళ్ళం కాదు. గచ్చు కిందనుంచి లాగేస్తుంది చలి. టెంట్‌హౌస్‌లో పరుపులు, రగ్గులు అద్దెకిస్తారు, వారం ముందే చెప్పి ఉంచు. సంక్రాంతి దగ్గరపడితే దొరకవు. పరుపు కింద చాప, చాప కింద గోనెసంచులు పరువు. ఒక గదిలో ఆడవాళ్ళు, పిల్లలు, ఇంకో గదిలో మగవాళ్ళు. మూడు జంటలకి మూడు గదులు కావాలంటే లాడ్జి చూసుకోమను, మొహమాటపడకు.

కుంపటి మాత్రం తలుపులేసిన గదిలో పెట్టనివ్వకు. ఇది బతిమాలి చెప్తున్నాను. ఒక రాత్రి చంటాడు వణుకుతున్నాడని నేనే బొగ్గుల కుంపటి లోపల పెట్టి, కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కి పడుకున్నాను. తెల్లవారుజామున తల పగిలిపోతూ మెలకువొచ్చింది. వాంతి వస్తోంది, కాళ్ళు మాట వినడం లేదు. పిల్లాణ్ణి లేపితే లేవడు. మీ పెదనాన్న తలుపు తన్ని వాణ్ణి వాకిట్లోకి ఎత్తుకెళ్తే, ఆ చలిగాలికి కళ్ళు తెరిచాడు. బొగ్గులనుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, రంగుండదు. నిప్పు వాకిట్లోనే. అది కూడా ఆ పెద్దావిడకి ఆయాసం ఉందన్నావు కాబట్టి, పొగ ఎటు పోతోందో చూసి ఆవిడ కుర్చీ వెయ్యి.

నీళ్ళకి గీజరు మీద ఆశ పెట్టుకోకు, పదకొండు మందికి చాలదు, మధ్యలో కరెంటు పోతుంది. పెరట్లో మూడు రాళ్ళ మీద కాగు పెట్టించు. పిల్లలకి స్నానాలు పదింటి తర్వాతే, ఒకరోజు మానినా కొంప మునగదు. బట్టలు ఉతకడం అసలొద్దు, ఆ రెండు రోజుల్లో ఏదీ ఆరదు. రెండేళ్ళలోపు పిల్లలుంటే కర్పూరం, మెంథాల్ వేసిన మందులు ముక్కుకీ ఛాతీకీ రాయనివ్వకు.

వంటకి ఇడ్లీ పెట్టుకోవద్దు. పిండి పొంగదు, నీకు ఏడుపొస్తుంది. పొద్దున్న ఉప్మా, చోడి జావ. మధ్యాహ్నం అన్నం, మిరియాల చారు, సంతలో దొరికే రాజ్మాతో కూర. రాజ్మాని ముందురోజు పొద్దున్నే నానబెట్టుకో, చలికి త్వరగా నానదు. బొంగు చికెన్ ఎక్కడ దొరుకుతుందో నీ బళ్ళో పిల్లలనడుగు, నాకంటే వాళ్ళకే బాగా తెలుసు.

పెరుగు కూడా తోడుకోదు. దానికో ఉపాయముంది. పాలు వేలు పెడితే ఓర్చుకునేంత వేడిగా ఉన్నప్పుడు, తోడు మామూలుకన్నా ఒక చెంచా ఎక్కువ వేసి, గిన్నె మీద మూత పెట్టి, తువ్వాలు చుట్టి, బియ్యం డబ్బాలో పీకలదాకా కప్పెట్టు. సాయంత్రం పెడితే పొద్దుటికి గడ్డగా ఉంటుంది. ఈ బియ్యం డబ్బా గుర్తుంచుకో, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఆలోచన నాకు అర్థమైంది. అల్లుడు ఎలాగూ ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో చేసే ఉద్యోగమే కదా, ఆ రెండు రోజులూ ల్యాప్‌టాప్ తెరిచి ఒక మూల కూర్చుంటే ఎవరికీ తెలియదు అనుకుంటున్నావు. ఆ నాటకం మేము ఆడాం బుజ్జీ. మీ అమ్మకి నేను ఇన్నాళ్ళూ ఎదురుగా చెప్పని విషయం నీకు చెప్తున్నాను.

1993 జనవరి. మీ పెదనాన్న అప్పటికి నాలుగు నెలలుగా సస్పెన్షన్లో ఉన్నారు. ఆఫీసు పేరెందుకులే, లెక్కల్లో తేడా వస్తే ఎవరి సంతకం కింద ఉందో వాళ్ళని బయట నిలబెట్టారు. తర్వాత తప్పు లేదని తీసుకున్నారు, అది వేరే కథ. భోగికి నాలుగైదు రోజుల ముందు మా ట్రైనింగ్ స్నేహితురాళ్ళు నలుగురు బస్సెక్కి వచ్చారు, వాళ్ళలో మీ అమ్మ నిన్ను చంకనెత్తుకుని వచ్చింది. నేను చెప్పలేకపోయాను. ఆయన పొద్దున్నే స్వెట్టరు మీద మఫ్లరు చుట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని, 'ఆఫీసుకెళ్ళొస్తా' అని బయల్దేరారు. రోజంతా సంత మైదానం అంచున టీ బడ్డీలో కూర్చున్నారు. మర్నాడూ అలాగే బయల్దేరారు. గుమ్మం దాటాక మీ అమ్మ మెల్లగా అంది: 'ఒసే, ఇవాళ రెండో శనివారం కదే?'

నేను 'ఏదో అర్జంటు పనట' అన్నాను. మీ అమ్మ ఇంకేమీ అడగలేదు. ఆ సాయంత్రం ఆయన వణుకుతూ వచ్చారు, రాత్రికి నూట రెండు జ్వరం. స్నేహితులు నవ్వుతుంటే నవ్వాను, ఏ మాటకి నవ్వుతున్నానో నాకు తెలియదు. వాళ్ళు వెళ్ళిన మూడోరోజు పెరుగు గిన్నె కోసం బియ్యంలో చెయ్యి పెడితే మడత పెట్టిన కాగితం తగిలింది. లోపల ఐదు వంద నోట్లు. అక్షరం ముక్క లేదు. అప్పట్లో ఐదొందలంటే టీచరు ఇంట్లో ఎంత మొత్తమో నువ్వు ఊహించుకోలేవు. తిరిగిచ్చాను, రెండేళ్ళకి. చీర పెట్టి, చీర మడతలో. ఆవిడా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

మేమిద్దరం గొప్పగా ఉన్నామనుకునేదాన్ని. ఇప్పుడనుకోను. ఆ రెండు రోజులు నా స్నేహితురాలు నా ఇంట్లో కూర్చుని నన్ను చూసి బాధపడుతూ, తెలియనట్టు నటించాల్సొచ్చింది. అలా నటించాల్సిన పని నేను పెట్టాను ఆవిడకి.

కాబట్టి వాళ్ళు కొండెక్కకముందే చెప్పెయ్. ముందు అల్లుణ్ణి అడుగు, అది అతని సంగతి, అతని ఒప్పుకోలు లేకుండా వద్దు. తర్వాత ముగ్గురిలో నీకు ఎవరు దగ్గరో ఆ ఒక్క అమ్మాయికి ఫోన్ చెయ్. గ్రూపులో పెట్టకు. గ్రూపులో పెడితే నాలుగు దండాల బొమ్మలు వస్తాయి, మర్నాడు ఎవరో పెట్టిన గులాబీ పువ్వు కింద నీ కబురు మునిగిపోతుంది. పగటిపూట చెయ్, రాత్రి మనసు ఉన్నదానికన్నా పెద్దది చేసి చెబుతుంది. మా రోజుల్లో ఎస్టీడీ బూత్‌లో రాత్రి పదకొండు దాటితే పావు ఛార్జీ అని దుప్పటి కప్పుకుని క్యూలో నిలబడేవాళ్ళం, వంతొచ్చేసరికి ఏడుపు తప్ప మాట వచ్చేది కాదు.

ఒక్క వాక్యంలో చెప్పు: 'ఆయన ఉద్యోగం పోయింది, నెలయింది, వెతుకుతున్నారు.' ఆ వెంటనే నీకేం కావాలో కూడా చెప్పు. పిల్లల ముందు ఎత్తొద్దనో, అతను నోరు విప్పేదాకా ఎవరూ అడగొద్దనో, ఉద్యోగాల లింకులు గుట్టగా పంపొద్దనో. మిగతా ఇద్దరికీ చెప్పమని ఆ అమ్మాయికే అప్పగించు. టెంట్‌హౌస్ అద్దె, సరుకుల ఖర్చు నాలుగు ఇళ్ళకీ పంచుకుందామని అదే ఫోన్లో తేల్చెయ్. ఆ మాట వచ్చాక అనడం కష్టం, రాకముందు చాలా తేలిక.

ఇంకోటి. వాళ్ళు వచ్చాక వాళ్ళ కబుర్లూ విను. ఆ ముగ్గురిళ్ళలోనూ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఒకావిడ అత్తగారిని ఆయాసంతో ఈ చలిలోకి ఎందుకు వెంటబెట్టుకొస్తోంది, ఇంట్లో చూసేవాళ్ళు లేకనేగా? మంట దగ్గర అడుగు.

మా కబుర్లంటావా, మీ పెదనాన్నకి ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, బాగానే చూస్తున్నారు, నా ముఖం మీద ముడతలు కొత్తగా కనిపెట్టారు. కోడలు సంక్రాంతికి రాలేనంది, నాకు కోపమొచ్చింది, మూడురోజులకి పోయింది. నా మోకాళ్ళు నీకు తెలిసినవే.

మీ అమ్మకు నేను చెప్పను. కానీ ఆదివారం గుడి దగ్గర ఇద్దరం కలుస్తాం, ఆవిడ నీ గురించి అడుగుతుంది, నాకు అబద్ధమాడడం ఇప్పటికీ రాదు. ఆ లోపల నువ్వే ఫోన్ చెయ్.

రేపు ఆర్టీసీ పార్సిల్లో రెండు ఉన్ని దుప్పట్లు వేస్తున్నాను. ముతకగా ఉంటాయి, కింద పల్చటి దుప్పటి వేసుకుంటే గుచ్చుకోవు. ఒకటి వచ్చే పెద్దావిడకి, ఇంకొకటి అల్లుడికి. రసీదు నంబరు మెసేజ్ పెడతాను, బస్టాండుకి అతన్నే పంపించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ