మేమా, మనమా?

చెల్లెమ్మా, వందనాలు.

మన్యంలోని ఓ చిన్న భాషలోకి మార్కు సువార్త అనువాదం మొదలుపెట్టి, నాలుగో అధ్యాయం దగ్గర ఆగిపోయానని రాశావు. ఆగడమే మంచిదైంది. నేనూ అక్కడే వారం రోజులు ఆగాను.

తుపానులో పడవ మునిగిపోతోంది. యేసు తలగడ మీద నిద్రపోతున్నాడు. ఆయన్ని లేపుతూ శిష్యులన్న మాట మన తెలుగు బైబిల్లో 'మేము నశించిపోవుచున్నాము' అని ఉంది. 'మనము' అని లేదు. మూలమైన గ్రీకులో రెంటికీ ఒకటే మాట, ఇంగ్లిష్‌లోనూ అంతే. ఎంచుకోవలసిన కష్టం మనలాంటి భాషలదే. 'మేము' అంటే ఆయన మునగడన్న నమ్మకమా, లేక మా గోడు నీకు పట్టదా అన్న నిష్ఠూరమా? 'మనము' అంటే ఆయన కూడా తమతోపాటు పోతాడనే భయం. తెలుగుదానివి కాబట్టి ఈ తేడా నీకు తట్టింది. అలాగని తెలుగు జవాబునే ఖాయం చేసుకోకు. అక్కడివాళ్లనే అడుగు.

ఎలా అడగాలో చెబుతాను. చదివి వినిపించాక "అర్థమైందా?" అనకు, మర్యాదకి అందరూ అయిందనే అంటారు. "అవ్వా, పడవలో ఏం జరిగిందో నువ్వు చెప్పు" అను. నేనలా అడిగితే ఒక అవ్వ బుట్ట అల్లుతూనే కథంతా చెప్పింది. సముద్రం చూడనివాళ్లు కదా అని అలలకి నేను మూడు మాటల వివరణ రాశాను. ఆమె దాన్ని పట్టించుకోలేదు. వాగు పొంగినప్పుడు బండల మీద విరుచుకుపడే నీటికి వాళ్లకో మాట ఉంది, అదే వాడింది. నాది కొట్టేసి ఆమెది రాసుకున్నాను.

1663లో మసాచుసెట్స్‌లో జాన్ ఎలియట్ అక్కడి ఆదివాసుల భాషలో బైబిల్ మొత్తం అచ్చు వేయించాడు. అమెరికాలో అచ్చయిన తొలి బైబిల్ అదే. మొదటి పేజీలో పేరు ఎలియట్‌ది. అక్షరాలు కూర్చినవాళ్లలో ఒకడు నిప్మక్ తెగకు చెందిన జేమ్స్ ప్రింటర్. తర్వాత ఆ భాష మాట్లాడేవాళ్లు వందేళ్లకు పైగా లేకుండా పోయారు. 1990లలో వాంపనోగ్ తెగకు చెందిన జెస్సీ లిటిల్ డో బెయర్డ్ ఆ బైబిల్‌నీ పాత దస్తావేజులనీ ముందేసుకుని భాషను మళ్లీ నేర్చుకుంది. కూతురిని ఆ భాషలోనే పెంచింది.

ఇది గుర్తొస్తే ఒక్కో మాట దగ్గరా నాకు ఇప్పటికీ టెన్షనే. నీ పేజీల్లో కూడా రేపు ఏ మనవరాలో తన అవ్వ మాట కోసం వెతుక్కోవచ్చు.

పుస్తకం అచ్చుకెళ్లేటప్పుడు, వాళ్లు ఒప్పుకుంటే, నీకు మాటలిచ్చినవాళ్ల పేర్లు నీ పేరు పక్కనే వేయించు. ఆ పడవలో 'మేమా, మనమా' అన్నదానికి వాళ్లేమన్నారో నాకు రాయి.

మీ అన్నయ్య