కళ్లల్లో పసుపు, మళ్లీ థైరాయిడ్ పరీక్ష

ప్రశ్న: మా బాబు 32 వారాలకే పుట్టాడు. ఇప్పుడు 24 రోజులు. రెండుసార్లు లైటు కింద పెట్టారు, అయినా కళ్లల్లో పసుపు పూర్తిగా పోలేదు. మొదటి వారంలో థైరాయిడ్ నార్మల్ అన్నారు, ఇప్పుడు మళ్లీ చేయించమంటున్నారు. ఎందుకు? కాళ్లూ చేతులూ బిగుసుకుపోకుండా రోజూ వ్యాయామం చేయించమని తెలిసినవాళ్లు అంటున్నారు, చేయించొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: పరీక్ష వాయిదా వేయకండి అమ్మా. నెలలు నిండని పిల్లల్లో మొదటి రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోతే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ని పెంచి దాన్ని తొందరపెట్టాలి, కానీ ముందే పుట్టిన బిడ్డలో ఆ ఏర్పాటే ఇంకా కుదురుకోదు కాబట్టి లోపం ఉన్నా టీఎస్‌హెచ్ మొదట్లో మామూలుగా కనిపించి, తర్వాత పెరగొచ్చు. అందుకే 2 నుంచి 4 వారాల మధ్య మళ్లీ చూస్తారు. థైరాయిడ్ తయారుచేసే టీ4 హార్మోన్ కొన్నాళ్లు తక్కువగా ఉండి దానంతటదే సర్దుకునే పిల్లలూ చాలామందే. నిజంగా లోపం ఉంటే మాత్రం పసుపు రంగుకి కారణమైన బిలిరుబిన్‌ని కాలేయం వదిలించుకోవడం నెమ్మదిస్తుంది, పసుపు అందుకే ఎక్కువ రోజులు ఉంటుంది. మందు ఎంత త్వరగా మొదలైతే మెదడుకి అంత మంచిది.

నెలలు నిండనివాళ్లలో కామెర్లు 21 రోజులు దాటితే డైరెక్ట్ బిలిరుబిన్ (కాలేయం మార్చి పిత్తంలోకి పంపే రకం) కూడా చూడాలి, అది చేశారో లేదో అడగండి. మలం సుద్దలా తెల్లగా పోయినా, మూత్రం చిక్కటి పసుపుగా వచ్చినా పిత్తనాళాలు మూసుకుపోయాయేమో చూడాలి, ఆలస్యం చేస్తే ఆపరేషన్ ఫలితం తగ్గుతుంది.

ఇక వ్యాయామం. మీ అంతట మీరు చేయించకండి. ఎముకలకి కావాల్సిన కాల్షియం, ఫాస్ఫరస్ చాలావరకు కడుపులో ఉన్న చివరి మూడు నెలల్లోనే చేరతాయి. బాబుకి ఆ నెలలు పూర్తిగా దొరకలేదు కదా, కాళ్లు పట్టి లాగితే ఎముక విరిగే ప్రమాదం ఉంది. అసలు ఈ పిల్లలు బిగుసుకుని ఉండరు, వదులుగా ఉంటారు, వాళ్లకి కావాల్సింది ముడుచుకుని పడుకోవడం. ఒక అరచేయి తల చుట్టూ, ఇంకొకటి ముడిచిన పాదాల దగ్గర ఉంచి, నిమరకుండా, కదపకుండా కాసేపు అలాగే పట్టుకోండి. వేళ్లు విప్పార్చినా, ఎక్కిళ్లు వచ్చినా, ముఖం రంగు మారినా ఆపేయాలి. డాక్టరు సరేనంటే కంగారూ కేర్ చేయండి, గుండెకి ఆనించి పెట్టుకోవడమే, రోజుకి 8 గంటలకి తగ్గకుండా. ఇంతకంటే మంచి ఫిజియోథెరపీ ఈ వయసులో నాకు కనిపించదు. మిగతా కదలికలు నవజాత శిశువుల ఫిజియోథెరపిస్టు దగ్గరుండి నేర్పితేనే.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. కామెర్లు ఉన్న బిడ్డ ఒళ్లు నిజంగానే బిగుసుకుని, వెన్ను విల్లులా వెనక్కి వంచి, కీచుగా ఏడుస్తుంటే, లేదా ఎంత లేపినా పాలకి లేవకపోతే అది వ్యాయామంతో పోయే బిగుతు కాదు. అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి బయలుదేరండి.