రిపోర్టులు బాగున్నాయి, అరికాళ్ల మంట తగ్గలేదు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఏడేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉంది. వారానికోసారి మెథోట్రెక్సేట్, ఏడాదిగా రోజూ లెఫ్లునోమైడ్ వాడుతున్నాను. కీళ్ల వాపు తగ్గింది, రక్తపరీక్షలూ బాగున్నాయంటున్నారు. కానీ రాత్రయితే రెండు అరికాళ్లూ ఒకటే మంట. దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోంది, విదిలిస్తే కాస్త నయం. ఇంట్లో వాళ్లేమో "రిపోర్టులన్నీ బాగున్నాయి కదా, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు" అంటున్నారు. పాత స్టెరాయిడ్ మాత్రలు కొన్ని మిగిలాయి, వేసుకోనా?

జవాబు: వేసుకోకండమ్మా. మీరు చెబుతున్నది నరాల నొప్పిలా ఉంది. స్టెరాయిడ్ తగ్గించేది వాపును. పైగా అది షుగర్‌ను పెంచుతుంది, షుగర్ పెరిగితే నరాలకు ఇంకా చేటు.

మీ ఉత్తరంలో దుప్పటి మాట దగ్గర ఆగిపోయాను. వాపుతో వచ్చే నొప్పి తీరు వేరు. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, కీలు ఉబ్బి వెచ్చగా తగులుతుంది, కదిలించగా కదిలించగా సడలుతుంది. నరం నొప్పి మంటలా, సూదులు గుచ్చినట్టు, కరెంటు షాక్ కొట్టినట్టు ఉంటుంది. మెత్తటి గుడ్డ తగిలినా భరించలేరు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ వాపును చూపించే పరీక్షలు, నరాల సంగతి వాటిలో తెలియదు. కాబట్టి మీ రిపోర్టూ నిజమే, మీ మంటా నిజమే. ఈ నాలుగు మాటలూ ఇంట్లో చదివి వినిపించండి.

ప్రాక్టీసు కొత్తలో నేనూ పొరబడ్డాను. నొప్పి ఉందంటే జబ్బు లొంగలేదనుకుని మందు పెంచేదాన్ని. జబ్బు తీవ్రతకు మేం డాస్28 అని ఒక స్కోరు వేస్తాం. 28 కీళ్లు నొక్కి చూస్తాం. వాచిన కీళ్లతో పాటు, నొక్కితే నొప్పి పుట్టే కీళ్లనూ లెక్కేస్తాం, తన ఆరోగ్యం ఎలా ఉందో రోగి చెప్పే అంకె కూడా అందులో కలుస్తుంది. అంటే వాపు లేకపోయినా నొప్పి ఒక్కటే స్కోరును పెంచేయగలదు. అలా అక్కర్లేని మందులు మింగినవాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

చేతికి వద్దాం. ఈసారి మెలకువ వచ్చినప్పుడు తిమ్మిరి ఏ వేళ్లకో చూసుకోండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు సగం, చిటికెనవేలికి ఏమీ లేదు అంటే చాలావరకు కార్పల్ టన్నెల్ సమస్యే. మణికట్టులో ఇరుకు దారిలోంచి వెళ్లే నరం నొక్కుకుపోతోందన్నమాట. రాత్రి మణికట్టు వంగకుండా తిన్నగా ఉంచే స్ప్లింట్ కట్టుకుంటే చాలామందికి ఊరట. పట్టు సడలినా, బొటనవేలి మొదట్లో కండ తరిగినా ఆలస్యం చేయొద్దు.

అరికాళ్ల మంట గురించే నాకు ఎక్కువ ఆలోచన. రెండు కాళ్లకూ ఒకేలా ఉంది కాబట్టి షుగర్, బి12, థైరాయిడ్ చూపించుకోవాలి. ఇంకొకటి, లెఫ్లునోమైడ్ కొందరిలో కాళ్ల నరాలను దెబ్బతీస్తుంది. అది మొదలుపెట్టాకే మంట వచ్చిందా? తేదీలు గుర్తుచేసుకుని ఈ వారంలోనే మీ డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు ఆపొద్దు, అలాగని వచ్చే చెకప్ దాకా ఆగొద్దు. ఆ మందే కారణమైతే తొందరగా ఆపినవారిలో కోలుకునే అవకాశం ఎక్కువ. నరాల్లో సంకేతాలు ఎంత వేగంగా పోతున్నాయో చూసే పరీక్ష (నెర్వ్ కండక్షన్) చేయించాక అది నార్మల్ వచ్చినా కంగారుపడకండి, సన్నటి నరాల దెబ్బ అందులో దొరకదు.

ఇవేవీ కాకపోవచ్చు కూడా. ఏళ్ల తరబడి నొప్పిని మోసిన వెన్నుపాము, మెదడు చిన్న తాకిడిని కూడా నొప్పిగా తీసుకోవడం మొదలుపెడతాయి. అప్పుడు డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి రాస్తారు. "డిప్రెషన్ మందులట" అని ఎవరైనా అంటే టెన్షన్ పడొద్దు. నరాల నొప్పికీ వాటిని వాడతాం.

పాదం లేదా మణికట్టు హఠాత్తుగా వేలాడిపోయినా, మెడ వంచినప్పుడు వెన్నులోకి షాక్ కొట్టినట్టున్నా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం ఉత్తరం రాస్తూ కూర్చోకండి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.